పల్లం వెతుక్కుంటూ మాచర్ల దాకా

"బండికి ఆయిల్ చూశావా?"

"చూశాను, పోశాను. ఇక నోరు మూసుకుని పడుకో."

నాకూ మా ఆయనకూ మధ్య నడిచిన ఆఖరు మాటలు ఇవే. ఆస్పత్రి మంచం మీద, ముక్కులో గొట్టంతో పడి ఉన్న మనిషి నువ్వు తిన్నావా అని అడగలేదు, పొలం ఏమైందని అడగలేదు. బండి సంగతి అడిగాడు. నాకు ఒళ్లు మండింది, ఆ మాట అన్నాను. మధ్యాహ్నానికి మనిషి లేడు.

బండి మాత్రం ఉంది. పికప్ బండి. ముందు చిన్న క్యాబిన్, వెనక తొట్టి. ఆయన పోయాక రెండేళ్లుగా అదే నాకు కూడు పెడుతోంది. బాడుగలు నేను మాట్లాడతాను, మా మరిది శీనయ్య తోలతాడు. రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే కడ్డీ బయటికి లాగి, తుడిచి, మళ్లీ గుచ్చి తీసి చూడటం నా పని. ఆ కడ్డీ మీద రెండు గీతలుంటాయి. ఆయిల్ తడి ఆ రెండింటి మధ్య ఉండాలి. మా బండికి ఏనాడూ కింది గీత దాటి పైకొచ్చింది లేదు. డబ్బా తేవటం, పోయటం. పోసిందంతా తాగి నీలం పొగ వదలటం దాని పని. ఇంట్లో దీపానికి నూనె ఉన్నా లేకపోయినా దీనికి మాత్రం ఉండాలి.

ఇంకో రోగం కూడా ఉంది. తాళం తిప్పితే సెల్ఫ్ తిరగదు, ఇంజన్ లేవదు. దాన్ని బాగు చేయించమని మా ఆయనతో ఎన్నిసార్లు చెప్పానో! "మనకు పల్లం ఉండగా సెల్ఫ్ ఎందుకే?" అనేవాడు. మా ఇల్లు కొండవీడు కొండ కింద. వాకిలి ముందు దారంతా వాలే. బండి ముక్కు పల్లం వైపు పెట్టి నిలిపేవాడు. పొద్దున బ్రేకు వదిలితే అదే జారుతుంది, గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజన్ అందుకుంటుంది. ఆయన పోయినా ఆ పద్ధతి పోలేదు. మేం ఏ ఊరు వెళ్లినా ముందు పల్లం వెతుక్కుంటాం, తర్వాతే మంచినీళ్లు.

మొన్న శీనయ్య తెగేసి చెప్పాడు. "వదినా, ఇంజన్ అయిపోయింది. ఆయిల్ ఖర్చుకే బాడుగలు చాలట్లా. మాచర్లలో మస్తానన్న తుక్కు కింద తీసుకుంటానన్నాడు. ఇచ్చేద్దాం. నేను ఆటో తోలుకుంటా." అతను ఆటో తోలుకుంటాడు సరే, నేనేం తోలుకోవాలి? ఈ వయసులో మిరప కోతలకు వెళ్లి వంగగలనా? అయినా రోజూ డబ్బా ఖాళీ అవుతుంటే ఏ ముఖంతో కాదంటాను? సరే పద అన్నాను. అమ్మేదాన్ని చివరిసారి కళ్లారా చూసుకుందామని నేనూ ఎక్కాను. మా వీధి ఆడవాళ్లు మాచర్ల ఎట్లా ఉంది, రెంటచింతల ఎండ ఎట్లా ఉందని రోజుకొకరు అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు. అందుకే మా అన్న కూతురు సుజాతను కూర్చోబెట్టి రాయిస్తున్నాను.

నరసరావుపేట

ఖాళీ బండితో అంత దూరం పోవటం దండగని పేటలో పత్తిచెక్క బస్తాలు ఎత్తుకున్నాం. రెంటచింతలలో జోజయ్య అనే ఆయనకు గేదెలున్నాయి, వాటి మేతకు. కొట్టు ముందు నేల అద్దంలా చదునుగా ఉంది. ఇంజన్ ఆపితే మళ్లీ లేవదని దాన్ని ఆపకుండా శీనయ్య లోపలే కూర్చున్నాడు. బస్తాలు ఎత్తినంతసేపూ నీలం పొగ కొట్టులోకే పోయింది.

"అమ్మా, ఆ ఇంజనాపించు తల్లీ, కళ్లు మండుతున్నయ్!" అని హమాలీ అరిచాడు.

"ఆపితే నువ్వు తోస్తావా?" అన్నాను.

బండిని, బస్తాలను, నన్ను ఒకసారి చూసి, తలకు తువ్వాలు బిగించుకుని ఇంకో బస్తా ఎత్తాడు. 

పిడుగురాళ్ల

సున్నపు బట్టీల ఊరు. చెట్లు తెల్లన, గోడలు తెల్లన, టీ కొట్టు బెంచీ తెల్లన. అక్కడ కూర్చుని లేచిన వాళ్లందరికీ వెనకాల పిండి పూసినట్టుంటుంది. మా ఊళ్లో ఇట్లా కూర్చుని లేస్తే నవ్వుతారు, ఇక్కడ ఎవరూ పట్టించుకోరు.

టీ తాగాలంటే పల్లం కావాలి. మంచి కొట్లన్నీ దాటించి, వంతెన దిగుడులో ఒక ముసలామె టీ బండి దగ్గర ఆపాడు శీనయ్య. టీ పదిహేను రూపాయలు. గ్లాసు మాత్రం ఉగ్గు గిన్నెంత. మా ఊళ్లో పది రూపాయలకు దీనికి రెట్టింపు వస్తుంది. అడిగితే, "పాలు నీ ఊళ్లో పితుకుతారు, నా ఊళ్లో కొంటాం" అంది ముసలామె. జవాబుకు డబ్బులివ్వాల్సిందే.

కదిలేటప్పుడు పక్కన ఆర్టీసీ బస్సు ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టాడు.

"ఏందయ్యా, పంచాయతీ వాళ్లు పంపారా? దోమల మందు కొడతన్నారు?"

బస్సులో ఆడవాళ్లంతా నవ్వారు. శీనయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"చూశావా వదినా? ఊరూరా ఇదే. పెళ్లిసామాను బాడుగలకు మనల్ని పిలవటం మానేసింది ఇందుకే. పట్టుచీరలన్నీ పొగ వాసనొస్తన్నయ్యంట."

అతను చెప్పింది నిజం.

గురజాల

ఆ రాత్రి మా ఆడబిడ్డ ఇంట్లో దిగాం. గురజాలలో ఏ అరుగు మీద చూసినా నలుగురు మగవాళ్లు, వాళ్ల నోట రాజకీయం. మా ఆడబిడ్డ మొగుడు నన్ను చూడగానే బాగున్నావా అనకముందే, "మీ వైపు గాలి ఎట్టా ఉంది?" అన్నాడు. ఎండగాలి అన్నయ్యా, మొహం మాడిపోయింది అన్నాను. ఆడబిడ్డ లోపల్నించి పకపకా నవ్వింది. ఆయన మాత్రం నా దగ్గర ఏదో దాచిన సమాచారం ఉందని రెండు ముద్దలకొకసారి కదిపి చూస్తూనే ఉన్నాడు. గోంగూర మాత్రం చెప్పుకోవాలి. పండుమిరపకాయలు వేసి నూరిన గోంగూర, పక్కన జొన్నరొట్టె. మా వైపు గోంగూరలో ఇంత కారం వేస్తే వండినామెనే తినమంటారు.

ఇంటి ముందు చక్కటి చదును ఉంది, వేపచెట్టు నీడ ఉంది. మా బండిని అక్కడ పెడితే ఒట్టు. వీధి చివర కాలవ గట్టు దిగుడులో ముక్కు కిందికి పెట్టి, చక్రాలకు రాళ్లు వేసొచ్చాడు శీనయ్య.

పొద్దున్నే నేను డబ్బా చంకన పెట్టుకుని గట్టు దాకా నడిచాను. బానెట్ ఎత్తి కడ్డీ తీశాను. తడి కింది గీతకు కూడా తగలలేదు. నిన్న ఇంటి దగ్గర పోసిందేగా! నాకు ఏడుపొచ్చింది. తిట్టుకుంటూ పోశాను, చూశాను, మళ్లీ పోశాను. అమ్ముడుపోయే రోజు కూడా కడుపునిండా తాగి పో అన్నాను దానితో.

రెంటచింతల

రెంటచింతల ఎండ గురించి విన్నది తక్కువే. అక్కడ ఎండ పైనుంచి ఒక్కటే రాదు, రోడ్డులోంచీ గోడల్లోంచీ కూడా వస్తుంది. చేతిలో నీళ్ల ప్యాకెట్ తాగేలోగా వేడెక్కింది. మనుషులు మాత్రం ఏమీ లేనట్టు తిరుగుతున్నారు. చర్చి నీడలో ముసలివాళ్లు పులిజూదం ఆడుకుంటున్నారు.

జోజయ్య తూకం వేయందే బస్తా దింపనన్నాడు. "నీ మీద అనుమానం కాదమ్మా, పేటోళ్ల మీద" అన్నాడు. సరేనని ఊరి బయట కాటాకు వెళ్లాం. బండ్లను ఎక్కించి తూచే పెద్ద ఇనప పలక అది. దాని మీదికి బండి ఎక్కగానే కాటా అబ్బాయి కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

"ఇంజన్ ఆపండి. ఊగితే తూకం నిలవదు."

"ఆపితే లేవదయ్యా" అన్నాడు శీనయ్య.

"లేవకపోతే తోద్దాంలే. ముందాపు."

ఆపాం. ఆపిన మరుక్షణం కరెంటు పోయింది. కాటా మీద అంకెలు ఆరిపోయాయి. మా వెనక ట్రాక్టర్లు, మా ముందు ఎండ, మధ్యలో ఇనప పలక మీద మేము. ఎవరినని తిట్టాలో తెలియక శీనయ్య అందరినీ తిట్టాడు.

ఊరికే నిలబడటం నాకు చేతకాదు. పొద్దున పోసింది ఎంత తాగిందో చూద్దామని, కాసేపయ్యాక బానెట్ ఎత్తాను. కడ్డీ తుడిచి గుచ్చి తీశాను. నా కళ్లను నేనే నమ్మలేదు. ఆయిల్ పై గీతను కూడా దాటి, వేలెడు ఎత్తున నల్లగా మెరుస్తోంది. మళ్లీ తుడిచి చూశాను. అంతే ఉంది.

"శీనయ్యా, ఇట్లా రా. ఆయిల్ పెరిగింది."

"ఎండకు నీకు కళ్లు బైర్లు కమ్మినయ్ వదినా. ఆయిల్ పెరుగుద్దా?" అంటూ వచ్చి చూశాడు. చూసి, అట్లాగే చక్రం పక్కన కూలబడ్డాడు. "అయిపోయింది. ఇంజన్లోకి నీళ్లు దిగినయ్. ఇంక మస్తానన్న తుక్కు రేటు కూడా ఇయ్యడు."

కడ్డీని చీర కొంగుకు తుడిచి చూశాను. నీళ్లు కలిస్తే మజ్జిగలా తెల్లబడుతుందని మా ఆయన చెప్పగా విన్నాను. తెలుపు లేదు. నల్లగా, జిగటగా, మంచి ఆయిలే.

కరెంటు వచ్చింది, తూకం అయింది. ట్రాక్టర్ల వాళ్లంతా కలిసి బండిని తోసి లేపారు. ఒకాయన, "అమ్మా, ఇది బండి కాదు, పెళ్లికొడుకు. పదిమంది తొయ్యందే కదలదు" అన్నాడు.

జోజయ్య పశువుల కొట్టం ముందు దిగుడు ఉంది. అలవాటు ప్రకారం అక్కడే ముక్కు కిందికి పెట్టి ఆపాం. బస్తాలు దింపాక మనసాగక మళ్లీ కడ్డీ తీశాను. తడి కింది గీత దగ్గర! వేలెడు ఎత్తున ఉన్న ఆయిల్ ఈ రెండు వీధుల్లో ఎక్కడికి పోయింది? కింద ఒక్క చుక్క కారలేదు. దయ్యం పట్టిందనుకున్నాను.

భోజనం చేసి వెళ్లమని జోజయ్య భార్య చేయి పట్టుకుని లాగింది. వంటింటి బండలు ఎగుడుదిగుడు. పళ్లెం పెట్టి, అన్నం వడ్డించి, చింతపులుసు పోసింది. ఆకలి మీదున్నాను, ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. తలెత్తి చూస్తే ఇంటిల్లిపాదీ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. ఆ ముద్ద మింగలేను, కక్కలేను. బుగ్గన పెట్టుకుని నేనూ కళ్లు మూశాను. మా ఇళ్లలో అన్నపూర్ణకు దణ్ణం పెట్టుకున్నా ఇంతసేపు పట్టదు. జోజయ్య మాత్రం పేరు పేరునా గేదెలకు కూడా దీవెన అడిగాడు.

కళ్లు తెరిచేసరికి నా పళ్లెంలో పులుసంతా బండ వాలుకు నా వైపు చేరింది. అవతలి వైపు అన్నం తెల్లగా పొడిగా ఉంది. జోజయ్య భార్య ఆ వైపు నుంచే చూస్తోంది.

"అయ్యో, పులుసే లేదే నీకు!" అంటూ గరిటె నిండా పోసింది. పులుసంతా పళ్లెం దాటి నా ఒళ్లో పడింది.

వేడి పులుసు. ఎగిరి లేవాలి నిజానికి. నేను లేవలేదు. ఆ పళ్లెం వైపే చూస్తూ ఉండిపోయాను. ఒక పక్క పొడిగా ఉంది, ఒక పక్క పొర్లిపోతోంది, పోసే మనిషికి పొడిగా ఉన్న పక్కే కనపడుతోంది.

"శీనయ్యా! మన బండిని ఎప్పుడన్నా చదునులో ఆపి ఆయిల్ చూశామా?"

అతను ముద్ద ఆపాడు. "చదునులో ఎందుకాపుతాం? లేవదుగా."

"అదేరా నేననేది! ముక్కు కిందికి పెడితే ఆయిలంతా ముందుకు పోతోంది. కడ్డీ ఉండేది వెనక. అక్కడ తడి లేదని మనం పోస్తన్నాం. నిండిపోయినదాంట్లో ఇంకా పోస్తన్నాం. పట్టక అది పొగ పెట్టి ఊదేస్తోంది. దానికి దాహమై తాగట్లేదు, మనం ముక్కు మూసి తాపుతన్నాం."

జోజయ్య భార్య నా చీర తుడుస్తూ, "పులుసు తలకెక్కిందా ఏంది ఈమెకు?" అంది మొగుడితో.

శీనయ్య మొహం మాడ్చుకున్నాడు. "అన్న ఇన్నేళ్లు పోశాడు వదినా. అన్నకు తెలవంది నీకు తెలిసిందా?"

మా ఆయన గీతలు చూడందే ఏ రోజూ బండి కదపలేదు. అంత జాగ్రత్త గల మనిషి. సెల్ఫ్ బాగు చేయించటం ఒక్కటే దండగ ఖర్చు ఆయనకు.

మాచర్ల

దారి పొడుగునా నల్లరాతి పలకల గోడలు, ఎర్ర దుమ్ము, మళ్లీ రాళ్లు. నా మాట తప్పయితే బండి తుక్కు. నిజమైతే నా కూడు నాకు ఉంటుంది. అయినా శీనయ్య ఆటో ఆశ ఏమవుతుందో అని కూడా ఉంది నాకు.

మస్తాన్ మా ఆయనతో పాటు బాడుగలు తోలిన మనిషి. ఇప్పుడు పాత బండ్లు కొని అమ్ముతున్నాడు. కుర్చీ వేసి, నిమ్మకాయ సోడా తెప్పించి, బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు.

"అక్కా, అన్న మీద గౌరవంతో తీసుకుంటన్నా. ఇంజన్ బోరుకొచ్చేసింది, లోపలంతా అరిగిపోయింది. పొగ చూడు."

"మస్తానూ, నీ షెడ్డులో గచ్చు చదునేనా?"

"గోలీ వేస్తే కదలదు."

"అయితే దీన్ని అక్కడ పెట్టి, సోడా తాగిందాకా ఆగి, ఆయిల్ చూడు."

శీనయ్య పక్కకు తిరిగి నిలబడ్డాడు. మస్తాన్ కడ్డీ తీశాడు. ఒకసారి చూసి, తుడిచి మళ్లీ చూశాడు. బండి కింద దూరి బోల్టు వదులు చేసి, పై గీతకు వచ్చిందాకా ఆయిల్ దించాడు. డబ్బా దాదాపు నిండింది. ఆ డబ్బాలో నా రెండేళ్ల పొద్దుటిపూటలు కనపడ్డాయి నాకు.

సెల్ఫ్ విప్పి బాగు చేయటానికి పెద్దగా పట్టలేదు. అంత చిన్న పనికా మేం ఊరూరా పల్లాలు వెతికింది! సాగర్ రోడ్డు మీద పోయి రమ్మని శీనయ్యను పంపాడు మస్తాన్. మొదట పాత పొగే వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం వెనక రోడ్డు కనపడింది. పొగ పూర్తిగా పోలేదు. ఉంది, చుట్ట చివర పొగంత.

"పాత ఇంజనే అక్కా, కొంచెం తాగుద్ది. రింగులు ఎప్పుడోకప్పుడు మార్చాల్సిందే. కానీ ఇప్పుడే తుక్కయ్యేది కాదు" అన్నాడు మస్తాన్. గొంతు తగ్గించి, "ఇంకొంచెం పెంచి ఇస్తా, నాకే ఇయ్యి" అన్నాడు.

"ఇందాక తుక్కన్నావుగా!"

"ఇందాక తుక్కే. ఇప్పుడు బండి."

వాడి నవ్వు చూసి తిట్టబుద్ధి కాలేదు. శీనయ్య వైపు చూశాను. అతను తాళం చేతిలో తిప్పుకుంటున్నాడు.

"ఏమంటావు అబ్బాయ్? ఆటోనా, ఇదా?"

"నన్నడుగుతావేంది? నీ బండి."

"తోలేది నువ్వు."

"పొగ రాకపోతే నాకేం బాధ? దుర్గిలో బాడుగ ఉందంట, ఎత్తుకుని పోదాం పద" అన్నాడు.

దుర్గి

బాడుగ రాతి నంది. పేట వైపు ఒక గుడికి. దుర్గిలో ఏ ఇంటి ముందు చూసినా సగం చెక్కిన దేవుళ్లు నిలబడి ఉంటారు. ఒకరికి చెవులు లేవు, ఒకరికి కాళ్లు రాలేదు, వాళ్ల మధ్యే కోళ్లు తిరుగుతుంటాయి. మా వైపు చేయి విరిగిన విగ్రహాన్ని చూసినా అపశకునమంటారు. ఇక్కడ ఒకామె చెయ్యి లేని అమ్మవారి భుజాన ఉతికిన లంగా ఆరేసింది.

అదిగో, అక్కడ శీనయ్య బండిని చదునులో ఆపాడు. వాలు కోసం చూడనే లేదు. ఇంజన్ ఆపి, తాళం తిప్పాడు. లేచింది. ఆపాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ లేచింది. నంది ఎక్కించేవాళ్లు తాళ్లు పట్టుకుని ఎదురుచూస్తున్నారు, ఇతను ఆపుతూ లేపుతూ కూర్చున్నాడు.

"అన్న ఉంటేనా వదినా..." అన్నాడు.

"ఉంటే ఇయ్యాల నా చేత తిట్లు తినేవాడు" అన్నాను.

నంది పక్కన తొట్టిలోనే కూర్చుని కొంతదూరం వచ్చాను. క్యాబిన్లో శీనయ్య ముందు ఏడవటం నాకు ఇష్టం లేదు.

ఇల్లు

ఇప్పుడు బండి మా వాకిలి ముందు వాలులో ఉండటం లేదు. పక్కింటి గోడ వెంట చదునులో ఉంటోంది. పొద్దున్నే లేస్తాను, డబ్బా చంకన పెట్టుకుంటాను, కడ్డీ తీసి చూస్తాను. తడి నిన్న ఉన్నచోటే ఉంటుంది. డబ్బా మళ్లీ లోపల పెడతాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచదు. కాసేపు బానెట్ పట్టుకుని నిలబడతాను.

ఏమయ్యా, పల్లం ఉండగా సెల్ఫ్ ఎందుకన్నావే! ఎంత ఆయిల్, ఎంత పొగ, ఎన్ని మాటలు పడ్డాం ఊరూరా! నువ్వు అడిగినప్పుడు చూశాను, పోశాను అని కసిరాను. ఇప్పుడడుగు. చూశాను. పోయలేదు. పోయక్కర్లేదు. ఈ మాట చెప్పాలంటే ఎదురుగా నువ్వు లేవు.

చాల్లే సుజాతా, ఇక ఆపు. ఏం రాశావో మొదట్నించీ చదివి వినిపించు. ఆయన అడిగిన మాట దగ్గర మాత్రం తొందరపడకు తల్లీ, అది నిదానంగా చదువు. నేను జవాబు చెప్పిందాకా ఆగు.